కమాండ్ లైన్‌లో నోడ్ అప్‌గ్రేడ్: ఒక్క ఆదేశంతో ఏమేం మారతాయి?

2023 సెప్టెంబరు 11న నోడ్.జేఎస్ 16వ వెర్షన్‌కు మద్దతు ముగిసింది. ఆ తర్వాత 29 రోజులకు, అక్టోబరు 10న, గూగుల్, అమెజాన్, క్లౌడ్‌ఫ్లేర్ సంస్థలు కలిసి ఒక కొత్త తరహా దాడి వివరాలు బయటపెట్టాయి. దాని పేరు రాపిడ్ రీసెట్. బ్రౌజరుకూ వెబ్‌సైటుకూ మధ్య సమాచారం మోసే హెచ్‌టీటీపీ/2 పద్ధతిలో ఒక సౌకర్యం ఉంది. ఒకే కనెక్షన్ మీద ఎన్నో అభ్యర్థనలు పంపవచ్చు, అక్కర్లేదనుకుంటే వెంటనే రద్దు చేయవచ్చు. దాడి చేసినవాళ్లు ఈ రద్దు సౌకర్యాన్నే వాడుకున్నారు. హోటల్లో దోసె చెప్పి, పెనం మీద పిండి పడగానే వద్దని, మరుక్షణం ఇంకో దోసె చెప్పి అదీ వద్దంటూ వేలమంది ఒకేసారి చేస్తే వంటమాస్టరు పరిస్థితి ఎలా ఉంటుందో ఆలోచించండి. సర్వర్ల పరిస్థితీ అదే. ఆ ఏడాది ఆగస్టులో గూగుల్ ఎదుర్కొన్న దాడి తారస్థాయిలో సెకనుకు 39 కోట్ల 80 లక్షల అభ్యర్థనలకు చేరింది.

అక్టోబరు 13న నోడ్ ప్రాజెక్టు సరిచేసిన వెర్షన్లు విడుదల చేసింది. 18 వాడుతున్నవారికి 18.18.2, 20 వాడుతున్నవారికి 20.8.1. వాటిలో ఏదో ఒకటి వాడుతున్నవాళ్లు టెర్మినల్ తెరిచి ఒక్క ఆదేశం ఇస్తే సరిపోయింది. 16 వాడుతున్నవాళ్లకు మాత్రం ప్రాజెక్టు నుంచి ఏమీ రాలేదు. నెల క్రితమే ఆ తలుపు మూసేశారు కదా. వాళ్లు ఒక్కసారిగా 18కో 20కో దూకాలి. అలా హడావిడిగా దూకినప్పుడే ప్రోగ్రాములు చెడతాయి.

నిజానికి 16వ వెర్షన్ 2024 ఏప్రిల్ దాకా ఉండాల్సింది. ఏడు నెలల ముందే ఎందుకు ముగించారు? లోపం నోడ్‌లో లేదు. దాని లోపల ఉన్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 అనే గుప్తలేఖన లైబ్రరీకి ఆ రోజుతో మద్దతు ముగిసింది. లోపలి భాగానికి మరమ్మతు చేసేవాళ్లు లేనప్పుడు మొత్తం యంత్రానికి హామీ ఇవ్వలేమని ప్రాజెక్టు తేల్చుకుంది. రన్‌టైమ్ అప్‌గ్రేడ్ గురించి అర్థం చేసుకోవాల్సిన అసలు సంగతి ఇక్కడే ఉంది. మనం టైపు చేసేది ఒక్క ఆదేశమే అయినా, మారేది ఒక్క వస్తువు కాదు.

మోటారు, పంపు, పైపులు

జావాస్క్రిప్ట్ 1995లో బ్రౌజరు కోసం పుట్టిన భాష. వెబ్ పేజీలో మెనూ తెరుచుకోవడం, ఫారంలో ఫోన్ నంబరు సరిగా ఉందో లేదో చూడడం వంటి పనులకు దాన్ని వాడేవారు. 2008 సెప్టెంబరులో గూగుల్ తన క్రోమ్ బ్రౌజరుతో పాటు వీ8 అనే ఇంజిన్‌ను బయటకు తెచ్చింది. జావాస్క్రిప్ట్ కోడును అది నేరుగా ప్రాసెసర్ భాషలోకి మార్చి చాలా వేగంగా నడిపేది. మరుసటి ఏడాది ర్యాన్ డాల్ అనే ప్రోగ్రామర్ ఆ ఇంజిన్‌ను బ్రౌజరు నుంచి బయటకు తీసి, సర్వర్ల మీద నడిచేలా మరికొన్ని భాగాలు జతచేశారు. అదే నోడ్.జేఎస్.

ఇంజిన్ ఒక్కటే ఎందుకు చాలదు? మోటారు ఒక్కటి ఉన్నంతమాత్రాన బోరు నుంచి నీళ్లు పైకి రావు. పంపు కావాలి, పైపులు కావాలి, స్టార్టరు కావాలి. వీ8కు కూడికలు, తీసివేతలు, షరతులు, ఫంక్షన్లు తెలుసు. ఫైలు తెరవడం, నెట్‌వర్క్ మీద వినడం తెలియదు. ఆ పనులు లిబ్‌యూవీ అనే లైబ్రరీ చూస్తుంది. సురక్షిత కనెక్షన్ల పని ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ది. హెచ్‌టీటీపీ/2 పని ఎన్‌జీహెచ్‌టీటీపీ2 అనే లైబ్రరీది. రాపిడ్ రీసెట్‌కు నోడ్‌లో మరమ్మతు జరిగింది దీనికే. తేదీలు, అంకెలు, ప్రపంచ భాషల లిపుల నియమాలు ఐసీయూ అనే లైబ్రరీ చూసుకుంటుంది. వీటన్నిటితో పాటు ఇతరులు రాసిన ప్యాకేజీలను దించుకునే ఎన్‌పీఎం అనే సాధనం కూడా అదే పెట్టెలో వస్తుంది. ఇంజినూ ఈ భాగాలూ కలిసిన మొత్తాన్ని రన్‌టైమ్ అంటారు.

ఈ జాబితా మీ కంప్యూటర్లోనే చూడవచ్చు. అంతకంటే ముందు ఒక మాట. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో ఇస్తున్నాం. టెర్మినల్లో మాత్రం వాటిని ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో, హైఫన్లతో సహా అలాగే టైపు చేయాలి. 'నోడ్ --వెర్షన్' అంటే మొత్తం రన్‌టైమ్ వెర్షన్ కనిపిస్తుంది. 'నోడ్ -పి ప్రాసెస్.వెర్షన్స్' అంటే లోపలి భాగాల పేర్లూ వాటి వెర్షన్లూ ఒక పట్టీలా వస్తాయి. యూనికోడ్ ఏ వెర్షనో, ప్రపంచ దేశాల టైమ్‌జోన్ల పట్టిక ఏ ఏడాదిదో కూడా అందులో ఉంటుంది. అప్‌గ్రేడ్‌కు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఈ పట్టీని ఫైల్లో దాచుకుని పక్కపక్కన పెట్టి చూడండి. ఏమి మారిందో అంత సూటిగా చెప్పేది ఇంకొకటి లేదు.

అంకెలు చెప్పే కబురు

18.18.2 లాంటి సంఖ్యలో మూడు భాగాలున్నాయి. చివరిది మారితే మరమ్మతులు మాత్రమే. మధ్యది మారితే కొత్త సౌకర్యాలు వచ్చాయి, పాతవి అలాగే ఉన్నాయి. మొదటిది మారితే పాత కోడు పనిచేయకపోయే అవకాశం ఉందన్నమాట. ఈ ఒప్పందాన్ని నమ్మవచ్చు, అయితే పూర్తిగా కాదు. 2023 జనవరిలో వచ్చిన 18.13లో మారింది మధ్య అంకె మాత్రమే. కానీ దానితో ఐసీయూ కూడా కొత్తది వచ్చింది. ఆ కొత్త సమాచారం ప్రకారం అమెరికా పద్ధతిలో సమయం రాసేటప్పుడు అంకెకూ ఏఎం లేదా పీఎం అనే మాటకూ మధ్య మామూలు ఖాళీ బదులు, వెడల్పు తక్కువగా ఉండే ప్రత్యేకమైన ఖాళీ వస్తుంది. కంటికి తేడా తెలియదు. ఆ సమయాన్ని మామూలు ఖాళీ దగ్గర విడగొట్టే ప్రోగ్రాములు మాత్రం తప్పాయి.

24వ వెర్షన్ వరకూ నోడ్ పాటిస్తూ వచ్చిన పద్ధతి ఇది. ఏటా రెండు పెద్ద వెర్షన్లు వస్తాయి. వసంతంలో సరిసంఖ్యది, అక్టోబరులో బేసిసంఖ్యది. సరిసంఖ్య వెర్షన్లకే దీర్ఘకాల మద్దతు ఉంటుంది. మొత్తం మీద దాదాపు మూడేళ్లు. దీన్నే ఎల్‌టీఎస్ అంటారు. బేసిసంఖ్యవి కొద్ది నెలల ప్రయోగాలు, వాటిని పని జరిగే సర్వర్ మీద పెట్టకపోవడమే మంచిది. 20కి 2026 ఏప్రిల్‌తో, 22కి 2027 ఏప్రిల్‌తో, 24కి 2028 ఏప్రిల్‌తో మద్దతు ముగుస్తుంది.

ఎల్‌టీఎస్ వెర్షన్ల ముద్దుపేర్లు ఆవర్తన పట్టికలోంచి, ఇంగ్లిషు అక్షర క్రమంలో తీసుకుంటున్నారు. 4వది ఆర్గాన్, 6 బోరాన్, 8 కార్బన్, అలా 18 హైడ్రోజన్, 20 ఐరన్. ఐరన్ తర్వాత 'జే' అక్షరం వచ్చేసరికి చిక్కు వచ్చింది. ఆ అక్షరంతో మొదలయ్యే మూలకం ఇంగ్లిషులో ఒక్కటీ లేదు. చివరికి అయోడిన్‌కు జర్మన్ పేరైన 'యోడ్' తీసుకుని 22కు పెట్టారు. జర్మన్‌లో దాన్ని 'జే'తోనే రాస్తారు. 1869లో మెండలీవ్ వేసిన పట్టికలోనూ అయోడిన్ సంకేతం 'జే'యే. భౌతికశాస్త్రం చదివినవాళ్లకు సాఫ్ట్‌వేర్ పేర్లలో ఇంతకంటే ముచ్చటైనవి కనిపించవనుకుంటా. 24 పేరు క్రిప్టాన్.

ముందు ఏ నోడ్ నడుస్తోందో తెలుసుకోండి

అప్‌గ్రేడ్‌లో అందరికీ ఎదురయ్యే మొదటి చిక్కుముడి ఇది. కొత్తది ఇన్‌స్టాల్ చేశాం, తప్పులేమీ కనిపించలేదు. అయినా వెర్షన్ అడిగితే పాత సంఖ్యే చూపిస్తుంది. కారణం చాలాసార్లు ఒకటే. కంప్యూటర్లో రెండు నోడ్‌లు ఉన్నాయి.

మనం 'నోడ్' అని టైపు చేయగానే షెల్ అనే ప్రోగ్రాం ఆ పేరున్న ఫైలు కోసం వెతుకుతుంది. డిస్కు అంతా గాలించదు. 'పాత్' అనే ఒక జాబితాలో కొన్ని ఫోల్డర్ల పేర్లు వరుసగా ఉంటాయి. ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క ఫోల్డరూ చూస్తూ, ఎక్కడ మొదట కనిపిస్తే అక్కడే ఆగిపోతుంది. మన ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరిలో వీధి మొదట్లో ఉన్నాయనకే ఉత్తరాలన్నీ చేరిపోయినట్టు. లినక్స్‌లో, మ్యాక్‌లో 'విచ్ -ఏ నోడ్' అనీ, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'వేర్ నోడ్' అనీ అడిగితే జాబితాలోని నోడ్‌లన్నీ వరుసగా కనిపిస్తాయి. మొదటి పంక్తిలో ఉన్నదే నడిచేది.

ఇంకో చిన్న సంగతి. బ్యాష్ షెల్ ఒకసారి కనుగొన్న చోటును గుర్తుపెట్టుకుని, మళ్లీ వెతకకుండా అక్కడికే వెళుతుంది. జాబితా సరిగానే ఉన్నా పాతదే నడుస్తుంటే 'హ్యాష్ -ఆర్' అని కొట్టండి, ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. టెర్మినల్ మూసి కొత్తది తెరిచినా పని జరుగుతుంది.

రెండు నోడ్‌లు ఎలా చేరతాయి? సాధారణంగా ఒకటి ఆపరేటింగ్ సిస్టమ్ ద్వారా, రెండోది మరో దారిలో. ఉబుంటు 22.04లో 'ఆప్ట్' ద్వారా ఇన్‌స్టాల్ చేస్తే నోడ్ 12 వస్తుంది. ఆ ఉబుంటు విడుదలైంది 2022 ఏప్రిల్‌లో. నోడ్ 12కు ప్రాజెక్టు మద్దతు ముగిసిందీ ఆ నెలాఖరునే. ఎన్నిసార్లు 'ఆప్ట్ అప్‌గ్రేడ్' అన్నా అది 14 కాదు, 16 కాదు. ఇది ఉబుంటు అజాగ్రత్త వల్ల జరిగింది కాదు. అలాంటి పంపిణీలు తమ జీవితకాలమంతా ఒకే పెద్ద వెర్షన్‌ను పట్టుకుని ఉంటాయి. స్థిరత్వం కోసం కావాలనే అలా చేస్తాయి. డేటాబేస్‌కు అది నప్పుతుంది. మూడేళ్లే జీవితమున్న రన్‌టైమ్‌కు నప్పదు.

పాతదాన్ని తీసేయకుండా కొత్తది తెచ్చుకోవడం

అందుకే చాలామంది వెర్షన్ మేనేజర్లు వాడతారు. వాటిలో ఎక్కువ వాడుకలో ఉన్నది ఎన్‌వీఎం. ఎన్, వీ, ఎం అనే మూడు అక్షరాలే దాని ఆదేశం. లినక్స్‌లో, మ్యాక్‌లో పనిచేస్తుంది. విండోస్‌లో ఎన్‌వీఎం-విండోస్ అని దొరికేది వేరే ప్రాజెక్టు, ఆదేశాలు మాత్రం చాలావరకు ఇలాగే ఉంటాయి. మూడింటిలోనూ నడిచేది కావాలంటే ఎఫ్‌ఎన్‌ఎం అనే మరో సాధనం ఉంది.

ఎన్‌వీఎం చేసే పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. మీ హోమ్ ఫోల్డర్లో ఒక దాపరికపు ఫోల్డరు పెట్టి, ఒక్కో నోడ్ వెర్షన్‌ను అందులో ఒక్కో అరలో ఉంచుతుంది. మీరు ఏది కావాలంటే ఆ అర పేరును పాత్ జాబితాలో అన్నిటికంటే ముందు చేరుస్తుంది. అంతే. సిస్టమ్ ఫోల్డర్ల జోలికి పోదు కనుక అడ్మినిస్ట్రేటర్ అనుమతి అక్కర్లేదు. ఎన్‌వీఎం విడిగా నడిచే ప్రోగ్రాం కాదు, షెల్ లోపలే ఉండే ఒక ఫంక్షన్. దీనికి బలమైన కారణముంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఏ ప్రోగ్రామైనా తనను పుట్టించిన ప్రోగ్రాం పాత్‌ను మార్చలేదు. పిల్లకు తల్లి జాబితా నకలు అందుతుంది, దాన్ని దిద్దుకోవచ్చు గానీ తల్లి దగ్గరున్న అసలు మారదు. కాబట్టి షెల్ తనకు తానే మార్చుకోవాలి. ఈ వివరం ఇప్పుడు అనవసరంగా తోచవచ్చు. వ్యాసం చివర్లో దీనితో పని పడుతుంది.

దాన్ని పెట్టుకోవడానికి గిట్‌హబ్‌లోని ప్రాజెక్టు పేజీలో ఒక పంక్తి ఆదేశం ఇచ్చారు. అది ఇంటర్నెట్ నుంచి ఒక స్క్రిప్టు దించి వెంటనే నడుపుతుంది. ఇలాంటి వాటిని నేరుగా నడపకుండా ముందు ఫైలుగా దించుకుని, పైనుంచి కిందికి ఒకసారి చదివి, తర్వాత నడపడం మంచి అలవాటు. ఇక వరుస ఇది. 'ఎన్‌వీఎం ఎల్ఎస్' అంటే ఇప్పటికే ఉన్నవి కనిపిస్తాయి. 'ఎన్‌వీఎం ఎల్ఎస్-రిమోట్ --ఎల్‌టీఎస్' అంటే బయట దొరికే దీర్ఘకాల వెర్షన్లు, మూలకాల పేర్లతో సహా వస్తాయి. 'ఎన్‌వీఎం ఇన్‌స్టాల్ 24' అంటే ఆ వరుసలో తాజాది దిగుతుంది, ఈ టెర్మినల్లో వాడుకలోకి కూడా వస్తుంది. పాతదానికి తిరిగి వెళ్లాలంటే 'ఎన్‌వీఎం యూజ్ 20'. ఒక్క క్షణం పని. 'ఎన్‌వీఎం ఏలియాస్ డిఫాల్ట్ 24' అంటే ఇకమీదట తెరిచే ప్రతి టెర్మినల్లోనూ 24 ఉంటుంది. ఈ చివరి ఆదేశాన్ని మాత్రం ప్రాజెక్టులన్నీ పరీక్షించాకే ఇవ్వండి.

ఫైలు దిగగానే తెరమీద చెక్‌సమ్ సరిపోయిందని ఒక పంక్తి కనిపిస్తుంది. చాలామంది దాన్ని చూడకుండా దాటేస్తారు. నోడ్ ప్రాజెక్టు ప్రతి విడుదలతో పాటు ప్రతి ఫైలుకూ షా-256 అనే సంఖ్యను ప్రకటిస్తుంది. ఫైలు ఎంత పెద్దదైనా ఆ సంఖ్య 256 బిట్లే. ఫైలులో ఒక్క బిట్టు తేడా వచ్చినా సంఖ్య పూర్తిగా మారిపోతుంది. మీకు చేరిన ఫైలు నుంచి ఎన్‌వీఎం అదే సంఖ్యను మళ్లీ లెక్కగట్టి పోలుస్తుంది. దారిలో ఫైలు చెడినా, ఎవరైనా మార్చినా అక్కడే బయటపడుతుంది.

ఒక పాత హ్యాష్ తెచ్చిన తంటా

ఈ సంఖ్యల లెక్కనే హ్యాష్ అంటారు. నోడ్ చరిత్రలో బాగా చర్చకు వచ్చిన అప్‌గ్రేడ్ ఇబ్బంది కూడా ఒక హ్యాష్ దగ్గరే వచ్చింది. 1990లో రొనాల్డ్ రివెస్ట్ ఎండీ4 అనే హ్యాష్‌ను రూపొందించారు. కొన్నేళ్లలోనే దాన్ని ఛేదించారు. అంటే ఒకే హ్యాష్ వచ్చే రెండు వేర్వేరు సందేశాలను కావాలని తయారు చేయగలిగారు. భద్రతకు అది పనికిరాదని అప్పటినుంచీ తెలుసు. కానీ లెక్క చాలా వేగంగా జరుగుతుంది కనుక, భద్రతతో సంబంధం లేని పనులకు కొందరు వాడుతూనే వచ్చారు. వెబ్ పేజీల ఫైళ్లను కట్టగట్టే వెబ్‌ప్యాక్ 4 అనే సాధనం వాటిలో ఒకటి. ఏ ఫైలు మారింది, ఏది మారలేదు అని గుర్తుపట్టడానికి దానికి ఎండీ4 సరిపోయింది.

2021 అక్టోబరులో నోడ్ 17 వచ్చింది. అందులో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 బదులు 3.0 ఉంది. కొత్త ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎండీ4ను పాత సామాను గదిలోకి నెట్టి తాళం వేసింది. అడిగితేనే ఇస్తుంది. దాంతో అప్పటిదాకా బాగా నడిచిన ప్రాజెక్టుల్లో 'డిజిటల్ ఎన్వలప్ రొటీన్స్: అన్‌సపోర్టెడ్' అనే పొడవాటి తప్పు సందేశం వచ్చింది. ఆ మాటల్లో వెబ్‌ప్యాక్ పేరు లేదు, ఎండీ4 పేరూ లేదు. రాసిన కోడులో ఒక్క అక్షరం మారలేదు. జ్వరం ఒకచోట, గడ్డ ఒకచోట అన్నట్టు ఉంటుంది.

దీనికి ఇప్పటికీ ఎక్కువమంది చెప్పే చిట్కా ఒకటుంది. 'నోడ్ ఆప్షన్స్' అనే పర్యావరణ చరరాశిలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లెగసీ ప్రొవైడర్ అనే ఐచ్ఛికాన్ని పెడితే ఆ గది తాళం తెరుచుకుంటుంది, పని సాగిపోతుంది. ఒక పూట గడవడానికి అది సరే. దాన్ని శాశ్వతంగా వదిలేయడం మాత్రం నాకు సబబుగా తోచదు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వద్దని పక్కన పెట్టిన పద్ధతులను మొత్తం రన్‌టైమ్‌కు మళ్లీ అందుబాటులోకి తెచ్చినట్టవుతుంది కదా. వెబ్‌ప్యాక్‌ను 5కు మార్చుకోవడమే సరైన దారి, దాని తాజా వెర్షన్లలో ఈ సమస్య లేదు.

సంకలనం చేసిన ప్యాకేజీలతో మరో రకం ఇబ్బంది ఉంటుంది. కొన్ని ఎన్‌పీఎం ప్యాకేజీల్లో జావాస్క్రిప్ట్‌తో పాటు సీ++ భాగం కూడా ఉంటుంది. అది ఫలానా నోడ్ కోసమే తయారై ఉంటుంది. ప్రతి పెద్ద వెర్షన్‌కూ ఒక మాడ్యూల్ సంఖ్య ఉంది. 18కి 108, 20కి 115, 22కి 127. బెటర్-ఎస్‌క్యూలైట్3 వంటి ప్యాకేజీని 18లో ఇన్‌స్టాల్ చేసి, 20కి మారి నడిపితే, ఇది 108 కోసం చేసినది, నాకు 115 కావాలి అని నోడ్ ఆగిపోతుంది. ఆ రెండు సంఖ్యలు కనిపించాయంటే భయపడక్కర్లేదు. 'ఎన్‌పీఎం రీబిల్డ్' అంటే చాలు, లేదా నోడ్ మాడ్యూల్స్ ఫోల్డరును తీసేసి 'ఎన్‌పీఎం సీఐ' అంటే అన్నీ కొత్తగా వస్తాయి.

మరీ పాత సర్వర్లలో సమస్య ఇంకా కింద ఉంటుంది. నోడ్ 18 నుంచి అధికారిక లినక్స్ ఫైళ్లకు గ్లిబ్‌సీ అనే మూల లైబ్రరీ కనీసం 2.28 ఉండాలి. ఉబుంటు 18.04లో ఉన్నది 2.27, సెంట్‌ఓఎస్ 7లో 2.17. అక్కడ ఎన్‌వీఎం కూడా ఏమీ చేయలేదు. ముందు ఆపరేటింగ్ సిస్టమే మారాలి.

తెలుగుకు ఏం మారింది?

మనకు దగ్గరి సంగతి ఒకటుంది. నోడ్ 12 వరకూ ఆ పెట్టెలో ఐసీయూ సమాచారం ఇంగ్లిషుకు మాత్రమే ఉండేది. ఫైలు పరిమాణం పెరుగుతుందని మిగతా భాషలవి వదిలేసేవారు. తేదీని తెలుగులో ఇమ్మని అడిగినా, తప్పేమీ చూపించకుండా ఇంగ్లిషులో ఇచ్చేది. 1234567 అనే సంఖ్యను తెలుగు పద్ధతిలో చూపమంటే 1,234,567 అని మిలియన్ల లెక్కలో రాసేది. 2019 అక్టోబరులో వచ్చిన 13 నుంచి అన్ని భాషల సమాచారమూ ఉంటోంది. అదే కోడుకు ఇప్పుడు ఆగస్టు 'ఆగస్టు' అనే వస్తుంది, సంఖ్య 12,34,567 అని లక్షల్లో వస్తుంది. కోడు రాసినవాళ్లు అదనంగా ఏమీ చేయలేదు. రన్‌టైమ్ మారిందంతే.

అక్షరాల లెక్క ఇంకా ఆసక్తికరం. 'స్త్రీ' అనే మాటలో ఎన్ని అక్షరాలు? మనకు ఒక్కటే. యూనికోడ్‌లో మాత్రం అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి. జావాస్క్రిప్ట్‌లో పొడవు అడిగితే 6 అనే చెబుతుంది. మనిషి చూసే అక్షరాల్లా విడగొట్టడానికి సెగ్మెంటర్ అనే సౌకర్యం నోడ్ 16 నుంచి ఉంది. అయితే అది ఎన్ని అంటుందో దాని లోపలి యూనికోడ్ నియమాల మీద ఆధారపడి ఉంటుంది. పాత నియమం పొల్లు దగ్గర విరిచి మూడు అనేది. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో సంయుక్తాక్షరాలను విరవకూడదనే నియమాన్ని చేర్చారు. అది వర్తించే లిపుల్లో దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళంతో పాటు తెలుగు కూడా ఉంది. కొత్త నియమం ప్రకారం 'స్త్రీ' ఒక్కటే.

దీనివల్ల ఎవరికి నొప్పి? పేరు 20 అక్షరాలకు మించకూడదని ఒక ఫారం ఈ లెక్కతో ఆపుతోందనుకోండి. నిన్న వద్దన్న పేరును అప్‌గ్రేడ్ తర్వాత ఇవాళ ఒప్పుకోవచ్చు. ఫారం మంచికే మారింది. కానీ దాని వెనకున్న డేటాబేస్ పాత లెక్కలోనే ఉంటే రెండింటికీ పొసగదు. తెలుగు పాఠంతో పనిచేసే ప్రాజెక్టులు ఉన్నవాళ్లు పరీక్షల్లో 'స్త్రీ', 'రాష్ట్రం', 'ఉత్ప్రేక్ష' వంటి మాటలు నాలుగు పెట్టుకోవడం మేలు. ఇంగ్లిషు మాటలతో చేసే పరీక్షలకు ఈ తేడా ఎప్పటికీ చిక్కదు.

ఒక్కో ప్రాజెక్టూ విడివిడిగా

పాతదీ కొత్తదీ పక్కపక్కన ఉన్నాయి కనుక అన్నిటినీ ఒకేసారి మార్చనక్కర్లేదు. ప్రాజెక్టు ఫోల్డర్లో 'ఎన్‌వీఎంఆర్‌సీ' అనే ఫైలు పెడతారు. పేరుకు ముందు ఒక చుక్క ఉంటుంది. లోపల ఒక్క సంఖ్య మాత్రమే, 22 అనో 24 అనో. ఆ ఫోల్డర్లో నిలబడి 'ఎన్‌వీఎం యూజ్' అంటే ఆ సంఖ్యే వాడుకలోకి వస్తుంది. బృందంలో అందరూ ఒకే వెర్షన్ వాడుతున్నారో లేదో అని అడుక్కునే పని తప్పుతుంది. కొత్త వెర్షన్ కింద ప్యాకేజీలు మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, పరీక్షలు నడిపి, హెచ్చరికలు చదివి, ఆ తర్వాతే సంఖ్య మార్చండి. ఎన్‌పీఎం ద్వారా కంప్యూటర్ మొత్తానికి పెట్టుకున్న సాధనాలు కొత్త అరలోకి వాటంతటవి రావు. 'ఎన్‌వీఎం ఇన్‌స్టాల్ 24 --రీఇన్‌స్టాల్-ప్యాకేజెస్-ఫ్రమ్=కరెంట్' అంటే వాటినీ తెచ్చుకోవచ్చు.

నోడ్ ఒక్కటే జావాస్క్రిప్ట్ రన్‌టైమ్ కాదు. ర్యాన్ డాల్ స్వయంగా 2018లో ఒక సదస్సులో నోడ్ రూపకల్పనలో తాను చింతిస్తున్న విషయాలను వరుసగా చెప్పి, డెనో అనే కొత్త రన్‌టైమ్‌ను పరిచయం చేశారు. ఇంగ్లిషులో నోడ్ అక్షరాలనే అటూఇటూ మారిస్తే ఆ పేరు వస్తుంది. 2023 సెప్టెంబరులో బన్ 1.0 వచ్చింది. వీటిలో అప్‌గ్రేడ్ ఆదేశం రన్‌టైమ్‌లోనే ఉంటుంది: 'డెనో అప్‌గ్రేడ్', 'బన్ అప్‌గ్రేడ్'. ఎంత హాయిగా ఉందో! అయితే ఇవి కొత్త ఫైలును పాతదాని స్థానంలోనే పెడతాయి, పక్కన కాదు. వెనక్కి వెళ్లాలంటే 'డెనో అప్‌గ్రేడ్ --వెర్షన్' అని పాత సంఖ్య ఇవ్వాలి. కాబట్టి ఆ సంఖ్యను ముందే రాసిపెట్టుకోవాలి. హోమ్‌బ్రూ ద్వారా పెట్టుకున్న బన్‌ను హోమ్‌బ్రూతోనే మార్చాలి. ఏ దారిన వచ్చిందో ఆ దారినే.

నడుస్తున్న ప్రోగ్రామునే అడగండి

టెర్మినల్లో 24 కనిపిస్తోంది, పరీక్షలన్నీ పాసయ్యాయి. సర్వర్ మీద సేవ మాత్రం ఇంకా 16లోనే నడుస్తూ ఉండవచ్చు. ఇందాక చెప్పిన షెల్ ఫంక్షన్ సంగతి ఇక్కడ పనికొస్తుంది. ఎన్‌వీఎం మన షెల్ లోపల మాత్రమే బతుకుతుంది. రాత్రి రెండింటికి బ్యాకప్ తీసే క్రాన్ పనికీ, సర్వర్ లేవగానే మొదలయ్యే సిస్టమ్‌డీ సేవకూ మన షెల్ అమరికలతో సంబంధం లేదు. సిస్టమ్‌డీ ఫైల్లో నోడ్ పూర్తి చిరునామా రాసి ఉంటుంది. ఎన్నేళ్ల క్రితమో రాసిన చిరునామా అయితే అది పాత అరకే వెళుతుంది. రాపిడ్ రీసెట్ లాంటి లోపం మీద మన దేశంలో సెర్ట్-ఇన్ హెచ్చరిక వచ్చినప్పుడు చాలామంది టెర్మినల్లో వెర్షన్ చూసి ఊపిరి పీల్చుకుంటారు. దాడి మాత్రం టెర్మినల్ మీద జరగదు, ఆ సేవ మీద జరుగుతుంది.

చిరునామా మార్చినా ఒక మెట్టు మిగులుతుంది. నడుస్తున్న ప్రోగ్రాం మెమరీలో ఉన్నది పాత నోడే. డిస్కు మీద ఫైలు మారినంతమాత్రాన అది మారదు. సేవను ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. అందుకే ప్రోగ్రాం లేవగానే తన వెర్షన్‌ను లాగ్‌లో ఒక పంక్తిగా రాసేలా చేసుకోవడం మంచిది. ప్రాసెస్.వెర్షన్ అనే విలువను ముద్రిస్తే చాలు. కోడు మార్చే వీలు లేనప్పుడు లినక్స్‌లో మరో దారి ఉంది. ప్రాక్ అనే ఫోల్డర్లో ప్రతి ప్రాసెస్‌కూ దాని సంఖ్యతో ఒక ఉపఫోల్డరు ఉంటుంది. అందులో 'ఎక్స్' అనే లంకె ఆ ప్రాసెస్ ఏ ఫైలు నుంచి పుట్టిందో చూపిస్తుంది. ఇంగ్లిషులో దాన్ని ఈ, ఎక్స్, ఈ అనే మూడు అక్షరాలతో రాస్తారు. 'ఎల్ఎస్ -ఎల్' అని దాన్ని చూడండి. చిరునామా పక్కన 'డిలీటెడ్' అనే మాట కనిపిస్తే, డిస్కు మీద ఇప్పుడు లేని పాత నోడ్ ఇంకా అక్కడ పనిచేస్తోందని అర్థం. 'ఎన్‌వీఎం అన్ఇన్‌స్టాల్ 16' అనేముందు ఈ లంకెలన్నీ ఒకసారి చూసుకోండి.